ఏరు దాటినదెవరు?

కోనసీమయందలి యెదుర్లంక రేవున నిలిచి గౌతమీపాయ కావలివైపు చూచినచో యానాము కానవచ్చును. నడుమ నున్నది నీరేగాని దేశాంతరము కాదు. ఇటువారు పలుకు తెలుగే అటువారును పలుకుదురు. ఇటువారు పులసచేపకై యెదురుచూచు ఋతువుననే అటువారును ఎదురుచూతురు. ఇచ్చిపుచ్చుకొన్న సంబంధములు ఇరుగట్లను ఏనాడో కలిపి కుట్టినవి. అయినను 1954వ సంవత్సరము వరకు ఆవలిగట్టు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. బాల్యవివాహములను నిషేధించు శారదాశాసనము 1929లో వెలువడి, 1930 ఏప్రిలు మొదలు ఆంగ్లేయభారతమున అమలునకు వచ్చినది. ఆ శాసనమునకు ఏటి కావల అధికారము లేదు. అందుచే మన జిల్లాల పెద్దలు పలువురు పసిబాలికలను పడవ లెక్కించి, యానాము కొనిపోయి, అచట మంగళసూత్రము కట్టించి, మరల పడవలోనే ఇల్లు చేర్చిరి. ఆ పెండ్లిండ్ల సందడిచేతనే యానామునకు కల్యాణపురమను పేరు వచ్చినది.

ఈ ముచ్చటను నేటికిని పలువురు నవ్వుచు చెప్పుదురు. మాకు మాత్ర మిందొక ప్రశ్న తోచుచున్నది. ఆనాడు ఏరు దాటినదెవరు? పడవలో కూర్చున్నది బాలికయే. కాని దాటవలెనని తలచినది ఆమె కాదు, పడవవానికి కూలి యిచ్చినది ఆమె కాదు, శాసనమును తప్పించుకొనిన తెలివియు ఆమెది కాదు. దాటినది తండ్రి. ఆ దాటుటయొక్క ఫలమును జీవితాంతము మోసినది మాత్రము ఆ బాలిక. పెద్దలు దాటిన యేటికి పిల్లలచేత సుంకము కట్టించు నలవాటు ఆనాటితో అంతరించినదని మనము అనుకొనుచున్నాము. అంతరింపలేదని చూపుటకే ఈ వ్యాసము.

నేటి సుంకమునకు విద్యారుసుమని పేరు. ఒకే తరగతిలో, ఒకే బల్లపై కూర్చున్న యిద్దరు విద్యార్థులలో ఒకనికి ప్రభుత్వము రుసుము భరించును; రెండవవానిని నీవు మావాడవు కావు, మొత్తము కట్టుమని చెప్పును. అమెరికాలో పత్రములు లేని విద్యార్థులనుగూర్చి పాతికేండ్లుగా సాగుచున్న వివాదమిదియే. తెలుగునాట స్థానికులు, స్థానికేతరులు అని సాగిన వివాదమును దీనికి తోబుట్టువే. రెండింటిని పక్కపక్కన నుంచి విమర్శించినగాని దేనిలోని తప్పొప్పులును తేటపడవని మా అభిప్రాయము.

ముందుగా ఒక మాట ఒప్పుకొనవలయును. ప్రతి ప్రభుత్వమును తనవారికి కొంత మేలు చేయును. అది దోషము కాదు. యానాము నుండి పుదుచ్చేరి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరము. అయినను యానాము బాలునికి పుదుచ్చేరి ప్రభుత్వపు వృత్తివిద్యా ప్రవేశములలో ప్రాంతీయభాగము కలదు. ఎదుర్లంక బాలునికి లేదు. చిరకాలము ఆ యిరువురును చదివిన పుస్తకములు, వ్రాసిన పరీక్ష ఆంధ్రప్రదేశమువే. 2002లో ఏటిపై వారధి వెలసిన పిమ్మట ఆ యిరువురి నడుమ దూరము సైకిలుపై పోదగినంతయే. ఐనను ఎదుర్లంకవారెవరును దీనిని అన్యాయమని మొఱపెట్టుకొనలేదు. ఏలయన, ఆవలి పిల్లడు ఆవలివాడు, ఈవలి పిల్లడు ఈవలివాడు. చిక్కు వచ్చునది అట్టి పిల్లలతో కాదు. ఆవల పుట్టి ఈవల పెరిగిన బిడ్డ వచ్చినపుడే ప్రభుత్వముల ధర్మబుద్ధి పరీక్షకు నిలుచును. మావాడు ఎవడు అను ప్రశ్నకు ఏ కొలబద్ద వాడవలయును? తాతగారి యూరా? తండ్రిచేతి కాగితమా? బిడ్డ చదివిన బడియా?

ఈ మూడు కొలబద్దలును తెలుగునాట వాడి చూచినవే.

హైదరాబాదు సంస్థానమున 1919 నాటి ఫర్మానా ముల్కీ నిబంధనలను స్థిరపఱచెను. పదునైదేండ్లు నివసించినవాడు ముల్కీ. అతనికే సర్కారు కొలువు. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడిన వెనుకను ఆ నిబంధనలు వివాదగ్రస్తములై నిలిచినవి. అవి చెల్లునని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా కోస్తా, రాయలసీమలు భగ్గుమన్నవి. కోనసీమలోను కళాశాలలు మూతబడినవి. 1973 సెప్టెంబరులో ఆరుసూత్రముల పథకము, దానివెంట రాజ్యాంగమున 371-డి అధికరణము, 1974లో విద్యాసంస్థల ప్రవేశములకు సంబంధించిన రాష్ట్రపతి యుత్తరువు వచ్చినవి. రాష్ట్రమును ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయముల పేర మూడు స్థానిక ప్రాంతములుగా విభజించి, నూటికి 85 స్థానములు ఆయా ప్రాంతమువారికి కేటాయించిరి. 1979 నాటి 646వ ప్రభుత్వోత్తరువు మిగిలిన 15 స్థానముల సంగతి తేల్చెను.

ఈ యుత్తరువును రాజకీయపు బేరమని తేలికగా త్రోసివేయువారు కలరు. బేరమే కావచ్చును, కాని ఆ బేరమున పుట్టిన కొలబద్ద మాత్రము మెచ్చదగినది. అర్హతపరీక్ష వ్రాసిన యేటితో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఏ ప్రాంతపు బడులలో చదివెనో విద్యార్థి ఆ ప్రాంతమువాడు. ఆ లెక్క కుదరనిచో, కడపటి ఏడేండ్లలో ఎక్కువకాలము ఎచట చదివెనో అచటివాడు. అది అడుగునది తాతయొక్క దస్తావేజులను కాదు, తండ్రియొక్క యాసను కాదు, కులమును కాదు, బడి హాజరుపట్టీని. బడిలో నీ పేరు పిలిచినపుడు నీవు పలికితివా? పలికినచో నీవు మావాడవే.

ఏడేండ్ల లెక్క కోనసీమవంటి సీమలకు ఎంత అవసరమో చూడుడు. రాజోలు తాలూకాలోని యొక బాలుడు పదవతరగతి వరకు స్వగ్రామమున చదివి, పట్టణపు కళాశాలల ప్రకటనలు చూచిన తలిదండ్రుల తొందరచే ఇంటర్మీడియటుకై హైదరాబాదు వసతిగృహమున చేరెననుకొందము. నాలుగేండ్ల లెక్క చొప్పున అతడు ఎచటివాడును కాడు; ఇచట రెండేండ్లు తక్కువ, అచటను రెండేండ్లు తక్కువ. ఏడేండ్ల లెక్కలో ఆరవతరగతినుండి పదవతరగతివరకు ఐదేండ్లు ఇచటనే నడచినవి గనుక ఇచటివాడగును. రెండేండ్ల వసతిగృహవాసముచే పదేండ్ల బడి కొట్టుకొనిపోరాదని ఆ సూత్రమును వ్రాసినవారు తలంచిరి. ఇందు బిడ్డయెడల కనికరమున్నది.

ఇట్టి కొలబద్ద చేతనుండగా 2014లో దానికి విరుద్ధమైనది వచ్చెను. ఆ యేడు జూను 2న తెలంగాణ రాష్ట్రమవతరించినది. పేదవిద్యార్థుల కళాశాల రుసుమును ప్రభుత్వమే చెల్లించు పద్ధతి 2008నుండి ఉమ్మడి రాష్ట్రమున నడచుచుండెను. జూలై నెలాఖరున వెలువడిన 36వ ఉత్తరువుచే నూతన ప్రభుత్వము దాని స్థానమున తెలంగాణ విద్యార్థుల ఆర్థికసహాయ పథకమును ప్రకటించెను. ఫాస్టు అనునది దాని పొట్టిపేరు. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వమే తెలంగాణలో నివాసమున్న కుటుంబముల బిడ్డలకే ఆ సహాయమని అందలి నియమము.

ఈ నియమము ఎట్టి గృహముల తలుపు తట్టెనో కోనసీమవారికి చెప్పనక్కరలేదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట తాలూకాలనుండి హైదరాబాదు చేరని కుటుంబమున్న గ్రామమేది? కొందరు ఉద్యోగులై పోయిరి. కొందరు బడిపంతుళ్లై పోయిరి. మఱికొందరు తాపీ చేతబట్టి, వడ్రంగిసంచి భుజాన వేసికొని పోయిరి. కూకటిపల్లి ప్రాంతపు వీధులలో సంక్రాంతికి ముందుదినమున తాళములు పడుట చూచినవారికి ఆ వలస యెంతటిదో బోధపడును. అచట పుట్టి, అచటి బడిలో ఓనమాలు దిద్ది, అచటి యాసనే మాటాడు మనుమడు పండుగకు వచ్చినపుడు ఊరివారు వానిని హైదరాబాదు పిల్లడందురు. తిరిగి పోయినపుడు అచటివారు వానిని ఆంధ్రావాడందురు. ఆ బాలుడు బి.టెక్. రెండవయేట నుండగా, 1956లో మీ తాత యెచటనుండెనని ఉత్తరువు అడిగినది. ఆనాటికి వాని తండ్రియే పుట్టలేదు.

ఉమ్మడి ఉన్నతన్యాయస్థానము ఈ నియమమును నిలదీసి ప్రశ్నించెను. 2015 ఆరంభమున తెలంగాణ ప్రభుత్వమే ఆ పథకమును విరమించి 371-డి ననుసరించిన పూర్వపద్ధతికి మరలెను. తప్పును దిద్దుకొనిన ప్రభుత్వమును కొనియాడుటయే ధర్మము. అయినను ఆ తప్పు వెనుకనున్న వాదమును విమర్శింపక విడువరాదు. పథకము పోయినను వాదము పోలేదు.

ఆ వాదమును న్యాయముగా చెప్పుదము. గోదావరి కాలువలు 1852లో ధవళేశ్వరపు ఆనకట్టతో మన డెల్టాకు వచ్చినవి. ఇంగ్లీషుచదువు మనకు ముందు వచ్చినది. సంస్థానపు ప్రజ ఆ రెండింటికిని వెనుకబడినది. ముందు నడచినవాడు వెనుకవాని పంక్తిలో కూర్చుండి వడ్డన ముగించునని వారి భయము. 1969లో ఉద్యోగములకై తెలంగాణ యువకులు చేసిన ఆందోళనమున పోయిన ప్రాణములు ఆ భయమునకు సాక్ష్యము. ఈ మాటలు అబద్ధములని మేమనము. కోస్తావారిలో ఎందరో ఆ సంగతిని ఒప్పుకొనక, మా తెలివిచే బాగుపడితిమని గొప్పలు చెప్పుట మేము విని సిగ్గుపడియుంటిమి.

కాని, వెనుకబాటుతనమే కారణమైనచో కొలవవలసినది వెనుకబాటుతనమును. తాతగారి చిరునామాను కాదు. 1956కు పూర్వమున్న జమీందారు మనుమనికి సహాయమిచ్చి, 1980లో వచ్చిన తాపీపనివాని మనుమనికి నిరాకరించు నియమము వెనుకబాటుతనమును ఎట్లు తీర్చును? అది గాయమునకు కట్టు కాదు. గాయము పేర నిలిపిన కంచె.

ఇక మనవైపు తిరుగుదము. ఆనాడు ఫాస్టును ఖండించిన మన గడ్డమీద, మనచెంతకు వచ్చినవారి బిడ్డల గతి యేమి? 2005 ప్రాంతమున ఛత్తీసుగఢు అడవులలో సాయుధసంఘర్షణ ముదిరినపుడు గుత్తికోయలనబడు గిరిజనులు వేలసంఖ్యలో గోదావరి మన్యమునకు తరలివచ్చిరి. ఆవలి రాష్ట్రమున వారు గిరిజనులు. ఈవల వారికి గిరిజన ధ్రువపత్రము దొరకుట గగనము. ఏలయన షెడ్యూలు జాబితా రాష్ట్రమునకొక్కటి. ఎల్ల దాటిన క్షణమున గిరిజనుడు గిరిజనుడు కాకుండపోవును. ఆ బిడ్డలు మన బడిలో తెలుగు అక్షరములు దిద్దుదురు. ఆ యక్షరములతో ఉన్నతవిద్య గుమ్మము చేరునాటికి వారిచేత పత్రములుండవు. ఇదే న్యాయము మన బిడ్డలకు పరాయిగడ్డపై జరిగినది. తెలుగునాట గిరిజన కుటుంబమున పుట్టి, తండ్రి యుద్యోగమువలన బాల్యముననే బొంబాయి చేరిన యొక విద్యార్థి వైద్యకళాశాలలో గిరిజనుల స్థానము కోరగా, వలసతో ఆ హోదా వెంటరాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చెను. అచటను ఏరు దాటినది తండ్రి. సుంకము కట్టినది కొడుకు.

గుత్తికోయల బిడ్డలు మన దేశపు పౌరులే. దేశమే దాటినవారి బిడ్డల సంగతి యేమి? ఇచట అమెరికా వివాదము మనకు అక్కఱకు వచ్చును.

అనుమతి లేక వచ్చినవారి పిల్లలకు ప్రభుత్వధనముతో చదువు చెప్పనక్కరలేదని టెక్సాసు రాష్ట్రము 1975లో శాసనము చేసెను. టైలరను పట్టణపు బడులు అట్టి బిడ్డ యొక్కరికి ఏటికి వేయి డాలర్లు రుసుము విధించినవి. 1982లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల యాధిక్యముతో, నలుగురు విభేదింపగా, ఆ శాసనమును కొట్టివేసెను. తలిదండ్రుల నడవడికి పిల్లలను శిక్షించుట న్యాయభావనకు సరిపడదను తలంపు ఆ తీర్పునకు మూలాధారములలో నొకటి. కాని ఆ తీర్పు పాఠశాల గడపతో ఆగినది. పండ్రెండవతరగతి ముగిసిననాడు ఆ బిడ్డ వీధిన పడెను. అచటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో రాష్ట్రమువారికొక రుసుము, పైవారికి దానికి రెండు మూడింతలైన రుసుము. పదేండ్లు ఆ యూరి బడిలో చదివిన బిడ్డను పైవాడన్నచో పేదయింటివాడు కళాశాల తలుపు చూడజాలడు.

1996లో కేంద్రశాసన మొకటి వచ్చినది: కేవలము నివాసమునుబట్టి అట్టివారికి ఇచ్చు మేలు ఏ రాష్ట్రమువాడైన అమెరికా పౌరునికిని ఇయ్యవలయునని దాని సారాంశము. దీనికి 2001లో టెక్సాసు, కాలిఫోర్నియాలు ఒక ఉపాయము కనుగొనినవి. వారు ఆశ్రయించినది బడిలెక్కనే. కాలిఫోర్నియా శాసనము నివాసము నడుగక, ఆ రాష్ట్రపు ఉన్నతపాఠశాలలో మూడేండ్లు చదివి ఉత్తీర్ణులైనవారెవరైనను తక్కువ రుసుమునకే అర్హులనెను. దానిని 2010లో ఆ రాష్ట్రపు సర్వోన్నతన్యాయస్థానము సమర్థించినది. మన రాష్ట్రపతి యుత్తరువు నాలుగేండ్ల బడిని లెక్కించెను. వారు మూడేండ్ల బడిని లెక్కించిరి. సముద్రములు నడుమనున్నను, చిక్కు నెదుర్కొనిన రెండు జాతులును బడినే సాక్షిగా పిలిచినవి. ఇది మేము ముఖ్యముగా చదువరుల దృష్టికి తేదలచిన విషయము.

ఆ యేర్పాటు నేడు సడలుచున్నది. 2014లో ఇట్టి సదుపాయము కల్పించిన ఫ్లోరిడా 2025లో దానిని రద్దుచేసెను. అదే సంవత్సరము జూను 4న కేంద్రప్రభుత్వము టెక్సాసుపై దావా వేయగా, ఆ రాష్ట్రము ఎదురువాదము చేయక ఆ దినముననే సమ్మతించినది. ఇరువదినాలుగేండ్ల సదుపాయము ఒక్కపూటలో నిలిచిపోయినది.

ఇది పరదేశపు గోల, మనకేల యనువారికి రెండు సంగతులు విన్నవింతుము. మొదటిది: అమెరికాలో తాత్కాలిక ఉద్యోగపు అనుమతిపైనున్న తెలుగు కుటుంబములు వేలకొలది. వారి బిడ్డలు రెండుమూడేండ్ల ప్రాయమున పోయి, అచటనే పెరిగి, ఇరువదియొకటవ యేట తలిదండ్రుల నీడను కోల్పోవుదురు. శాశ్వతనివాసపు వరుస అప్పటికిని రాదు. ఆనాటినుండి వారు విదేశీ విద్యార్థులుగా మాఱి విదేశీ రుసుము కట్టవలయును, లేదా మూటముల్లె సర్దుకొనవలయును. 2012లో అచటి ప్రభుత్వము బాల్యమున వచ్చినవారికి తాత్కాలిక రక్షణ కల్పించినపుడు, ఆనాటికి చట్టబద్ధమైన హోదా లేనివారికే అది వర్తించినది. చట్టమును పాటించిన కుటుంబపు బిడ్డ, పాటించినందుననే, ఆ నీడ కెడమైనాడు. కాగితమును కొలబద్దగా గ్రహించినచో కాగితమున్నవానికిని న్యాయము కుదరదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

రెండవది: కోనసీమనుండి, దాని చుట్టుపట్టుల గ్రామములనుండి కువైత్తు మొదలగు దేశములకు ఇంటిపనికై పోయిన స్త్రీలెందరో మన మెఱుగుదుము. యజమాని చేత చిక్కిన పాసుపోర్టు, మీఱిపోయిన గడువు, ఇంటికి రాలేని తల్లి: ఇవి మన గ్రామములకు కొత్తమాటలు కావు. 2018లో కువైత్తు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినపుడు గడువుమీఱిన తెలుగువారు ఎందరో విమానమెక్కిరి. ఆ స్త్రీలను మనము నేరగాండ్రంటిమా? లేదు, కష్టపడిన బిడ్డలంటిమి. మన యింటివారియెడల చూపిన ఆ మాటను పరులయింటి బిడ్డయెడల చూపకుండుట ధర్మము కాదు.

ఇట మాటలనుగూర్చియు కొంత చెప్పవలయును. అమెరికాలో ఒక పక్షము అట్టివారిని అక్రములనును, రెండవ పక్షము పత్రములు లేనివారనును. మొదటి పేరు మనిషినే నేరముగా మార్చును. రెండవది ఒక లోపమును మాత్రము సూచించును. మన స్థానికేతరుడను మాటయు ఇట్టిదే. ఉన్నదానిని చెప్పక, లేనిదానిని చెప్పి ఒక మనిషికి పేరు పెట్టుట భాషకు శోభ కాదు. పదేండ్లు ఒక యూరి బడిలో చదివిన బిడ్డను స్థానికేతరుడని పిలుచుటకంటె, ఆ యూరి పూర్వవిద్యార్థి యని పిలుచుట సత్యమునకు దగ్గఱ. సరియైన పేరు పెట్టినచో సగము వివాదము తనంత తానే చల్లారును.

ఇక ఆక్షేపణములు. తప్పుచేసినవారికి బహుమానమిచ్చినచో తప్పులు పెరుగునందురు. తప్పుచేసినది యెవరని మా ప్రశ్న. మూడేండ్ల బిడ్డ ఎల్లను దాటజాలదు, దాటింపబడును. 1881 డిసెంబరులో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినపుడు పండితులు ధర్మము చెడునని వాదించిరి. ఎవరో కట్టిన తాళికి, ఎవరో పోయినందుకు, ఆ పసిదాని బ్రతుకు మోడు కావలెనా యని సంస్కర్తలు అడిగిరి. ఆనాడు కర్మమన్నారు, నేడు చట్టమనుచున్నారు. మాట మాఱినది, మోయుచున్నది మాత్రము నాటివలెనే బిడ్డయే. తండ్రి తప్పునకు తండ్రినే అడుగుదురుగాక. బిడ్డ పుస్తకము లాగుకొనుట తీర్పు కాదు.

పన్ను కట్టినవారి సొమ్ము పైవారికేల యనుట రెండవ ఆక్షేపణము. పన్ను కట్టనివాడెవడు? అంగడిలో సబ్బు కొన్నవాడు పన్ను కట్టినవాడే. ఇంటియద్దె చెల్లించినవాడు ఇంటియజమాని పన్నులో పాలు పంచుకొన్నవాడే. పండ్రెండేండ్లు ఆ బిడ్డ చదువునకు ప్రభుత్వమే వ్యయపఱచి, పంట చేతికివచ్చు వేళ పొలము ఎండగట్టుట ఏ కోనసీమ రైతును మెచ్చని వ్యవసాయము.

మూడవ ఆక్షేపణము బలమైనది, దానిని దాటవేయము. స్థానములు పరిమితములు, ముఖ్యముగా వైద్యకళాశాలలలో ఒకరికిచ్చిన స్థానము వేఱొకరికి లేనిదగును. ఇది సత్యము. స్థానము వేఱు, రుసుము వేఱు. స్థానము కొఱతగానున్నపుడు నియమము కఠినముగా నుండుట తప్పదు. కాని కఠినత్వము సూటిగా నుండవలయును. రాష్ట్రవిభజన శాసనము ప్రవేశముల విషయమున ఇచ్చిన పదేండ్ల గడువు 2024 జూనుతో తీరినది. ఆ జూలైలో తెలంగాణ ప్రభుత్వము 33వ ఉత్తరువుచే వైద్యవిద్యకు, కడపటి నాలుగేండ్లు రాష్ట్రముననే చదివినవారు స్థానికులని నియమించి, పూర్వపు ఏడేండ్ల యూరటను తొలగించెను. ఉన్నతన్యాయస్థానము దానిని సడలింపజూడగా, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును నిలబెట్టెను. ప్రభుత్వోద్యోగులు, సైనికులు మొదలగువారి బిడ్డలకు మినహాయింపు కలదు.

ఆ నియమము శాసనబద్ధమని న్యాయస్థానము చెప్పినది, శిరసావహింతుము. శాసనబద్ధమైనదెల్ల ఉత్తమమైనదని మాత్రము ఏ సంస్కర్తయు ఒప్పుకొనలేదు. బదిలీయైన అధికారి బిడ్డకు మినహాయింపు ఇచ్చినవారు, బదిలీ యుత్తరువు లేని కూలివాని బిడ్డకేల ఇయ్యరు? అధికారిని ప్రభుత్వము కదలించును. కూలివానిని ఆకలి కదలించును. రెండింటిలో బిడ్డ సమ్మతి లేదు. పదవతరగతి వరకు వరంగల్లున చదివి, రెండేండ్లు విజయవాడ వసతిగృహమున నున్న బిడ్డ వరంగల్లువాడు కాడనుట హాజరుపట్టీని నమ్మిన పద్ధతి కాదు. దాని చివరిపుట మాత్రము చదివిన పద్ధతి.

మా సిద్ధాంతము సంగ్రహముగా నిది. బిడ్డ ఎచటివాడో తేల్చవలసివచ్చినపుడు బడిని అడుగుడు. పూర్తిగా అడుగుడు, చివరిపుట మాత్రమే కాదు. స్థానముల పంపకమున ఈ లెక్క ఎంత కఠినమైనను కొంత సహింపవచ్చును. రుసుముల విషయమున మాత్రము ఏ రాష్ట్రపు బడి ఆ బిడ్డను పెంచెనో ఆ రాష్ట్రమే వానిని తనవానిగా నెంచవలయును, పేదయైనచో సహాయపడవలయును. ఈ కొలబద్ద కూకటిపల్లిలోని రాజోలు మనుమనికిని, మన్యములోని గుత్తికోయ బాలికకును, టెక్సాసులోని పత్రములేని బిడ్డకును, అనుమతి ముగిసిన తెలుగుబిడ్డకును సమముగా వర్తించును. మనకు ప్రియమైన బిడ్డకు ఒకటి, మనకు పొసగని బిడ్డకు వేఱొకటి యగు కొలబద్ద కొలబద్దయే కాదు.

కోనసీమవారికి ఈ మాట చెప్పుట మాకు సుకరము. మనము నిలిచిన నేలయే వలసవచ్చినది. నాసికమువద్ద పుట్టిన నది దక్కనంతయు కడిగి తెచ్చిన ఒండ్రుమట్టి ఇచట దిగి లంకయైనది. లంకపై కొబ్బరి మొలచినది. కొబ్బరినీడను మన తాతలు ఇండ్లు కట్టిరి. ఆ మట్టి యెచటిదని మన మెన్నడు నడుగలేదు. అందు వేరు పట్టినదా లేదా యనియే చూచితిమి.

ఎదుర్లంక రేవున నేడు పెండ్లిపడవలు లేవు. వారధిమీద ఉదయము బడిపిల్లలు ఇటునుండి అటు, అటునుండి ఇటు పోవుచున్నారు. వారిలో నెవరికైనను రేపు ఒక గుమాస్తా కాగితము చూచి నీవు మావాడవు కావని చెప్పునపుడు, ఆ గుమాస్తాను ఒక్కమాట అడుగవలసిన బాధ్యత పెద్దలమైన మనది: అయ్యా, ఏరు దాటినదెవరు?